జివ్విలికి పెద్దల చేతులు పడవు

చిన్నప్పుడు మేదిని పొట్టలోకి నాలుగు మెతుకులు వెళ్ళాయంటే అది జివ్విలి చలవే. ఆ పిల్లకి పుట్టిన దగ్గర్నుంచీ తిండి దగ్గర పేచీ. పప్పన్నం కలిపితే పెదాలు బిగించేది. పెరుగన్నం పెడితే బుగ్గన దాచుకుని, మింగమంటే జాలిగా చూసేది. అమ్మమ్మ కోటేశ్వరమ్మ చందమామను పిలిచింది, బూచాడినీ పిలిచింది. ఇద్దరూ ఆ ఇంటి ఛాయలకు రాలేదు. చివరికి వాళ్ళమ్మ హైమ, ఎవరినీ పిలిచే పని లేకుండా, ఒక జంతువును తనే పుట్టించింది.

"అనగనగా ఒక జివ్విలి. పిల్లి కూనంత ఉంటుంది. ఒళ్ళంతా తెల్లటి బొచ్చు, పొడుగాటి చెవులు. దానికి సంతోషం వేస్తే మెడ కింద దీపం వెలుగుతుంది. ఎలా వెలుగుతుందో తెలుసా... ఆ..."

'ఆ' అన్నప్పుడు మేదిని నోరు కూడా తెరుచుకునేది. ముద్ద లోపలికి పోయేది.

ముద్దకొక కథ. అన్నీ జివ్విలిని ఎలా పెంచాలన్న కథలే. వానలో తడిస్తే దాన్ని దిండు గలీబులో చుట్టాలి. తుమ్మితే దాని పేరు మూడుసార్లు పిలవాలి. దాని ఎదుట అబద్ధం చెప్పకూడదు, చెబితే చెవులు వాల్చేస్తుంది. ఒకరోజు మేదిని నమలడం ఆపి, "మరి నీకెందుకు లేదమ్మా జివ్విలి?" అని అడిగింది. కంచంలో ఇంకా రెండు ముద్దలున్నాయి. హైమ నోటికి వచ్చింది చెప్పింది. "దానికి పెద్దవాళ్ళ చేతులు పడవు. పిల్లల చేతులే కావాలి."

ఆ నోటికి వచ్చిన మాటే తర్వాత కొంప ముంచింది.

హైమ పనిచేసేది మంగళగిరి కొండ వెనక ఉన్న ఒక ప్రైవేటు పరిశోధనశాలలో. కుందేళ్ళ పిండాల్లో జన్యువులు మార్చడం వాళ్ళ పని. పిల్లలు ముచ్చటగా పెంచుకునే కొత్త ప్రాణిని తయారుచేయాలని యాజమాన్యానికి బుద్ధి పుట్టినప్పుడు, ఏ ప్రాణి అన్న చర్చలో హైమ సిగ్గుపడుతూనే జివ్విలి గురించి చెప్పింది. ల్యాబ్ పెద్ద ఫణీంద్ర ఆ మధ్యాహ్నం భోజనం కూడా మరిచిపోయి విన్నాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి, గాజు పెట్టెలో తెల్లటి బొచ్చుముద్ద ఒకటి చెవులు నిక్కించి కూర్చుంది. దాని మెడ కింద నిజంగానే దీపం వెలిగింది. హైమ ఆ రోజు గాజు మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. నోటితో అల్లినదాన్ని కళ్ళతో చూడటం ఎంతమందికి దక్కుతుంది?

అనుమతి ఇచ్చే కమిటీ వాళ్ళు ఒక్కటే అడిగారు. "ఇవి పారిపోయి పొలాల మీద పడితే మా గతేంటి?" కొత్త ప్రాణికి, పారిపోకుండా పట్టి ఉంచే కట్టుగొయ్య లాంటిదేదో ఉండి తీరాలన్నారు. అప్పుడు హైమకు తన కథే గుర్తొచ్చింది. యుక్తవయసు రాని పిల్లల చెమటలో ఒక రకం సారం ఉంటుందని, వయసు రాగానే అది పోతుందని వాళ్ళ ప్రయోగాల్లో తేలింది. జివ్విలి ఒంట్లో ఆ సారం తయారు కాకుండా జన్యువు తీసేశారు. అది బతకాలంటే రోజూ పిల్లల అరచేయి నాకాలి. అందులోనూ కూనగా ఉన్నప్పుడు ఏ అరచేయి మరిగితే ఆ అరచేయే కావాలి, ఇంకొకరిది పడదు. ఆ చేయి లేకపోతే వారం తిరగకుండా చచ్చిపోతుంది. పొలాలకు భయం లేదు. కమిటీ వాళ్ళు భేష్ అన్నారు.

పిల్లలు ఎదుగుతారు కదా అని ఎవరూ అడగలేదా అంటే, అడిగారు. జివ్విలి ఆయుష్షు మూడేళ్ళని, ఎనిమిదేళ్ళ పిల్లకి ఇస్తే ఆ పిల్ల ఎదిగేలోపు దాని కాలం తీరిపోతుందని లెక్క చెప్పారు. ఆ లెక్క గాజు పెట్టెల్లో పెరిగిన వాటిది. ఒళ్ళో పడుకోబెట్టుకుని, జోలపాడి, దుప్పట్లో దాచుకుని పెంచితే అవి ఇంకా ఎక్కువ కాలం బతుకుతాయని ల్యాబులో ఎవరికీ తట్టలేదు. అక్కడ ఎవరూ దేన్నీ ఒళ్ళో పెట్టుకోరు.

మొదటి విడత జివ్విలులు కొన్ని ఇళ్ళకి వెళ్ళాయి. ఒకటి మేదినికి వచ్చింది. వినాయక చవితినాడు వచ్చింది కాబట్టి, తెల్లగా గుండ్రంగా ఉంది కాబట్టి, మేదిని దానికి ఉండ్రం అని పేరు పెట్టింది.

ఇప్పుడు మేదినికి పన్నెండు దాటాయి. ఉండ్రానికి నాలుగు దాటాయి.

*

"తినవే, ఒక్కటే ఒక్కటి. నువ్వులు బెల్లం కలిపి నేనే దంచాను," అని కోటేశ్వరమ్మ చిమ్మిలి ఉండ మనవరాలి మొహం ముందు పెట్టింది.

మేదిని తల తిప్పుకుంది. మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్న ఆ పిల్లని చూస్తే, గౌను తగిలించిన కొయ్య కనిపిస్తుంది తప్ప పిల్ల కనిపించదు. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా వస్తోందని దువ్వడం మానేశారు. ఒళ్ళో ఉండ్రం మాత్రం నిగనిగలాడుతూ, ఆ పిల్ల అరచేతిని శ్రద్ధగా నాకుతోంది. దాని మెడ కింద దీపం దుప్పటిలోంచి కూడా కనబడుతోంది.

ఇదంతా చిమ్మిలితోనే మొదలైంది. ఆరునెలల కింద కోటేశ్వరమ్మ నవ్వుతూ అంది. "నువ్వులు బాగా తినాలే. నువ్వులు తింటే తొందరగా పెద్దమనిషవుద్ది ఆడపిల్ల. తాటాకు చాప మీద కూర్చోబెట్టి, ఓణీ కట్టి, వీధంతా పిలుస్తాను చూడు." ఏ అమ్మమ్మయినా అనే మాటే. మేదిని ఆ రోజు చేతిలో ఉన్న ఉండను మెల్లగా డబ్బాలో పెట్టేసింది. అంతకు ముందు వారమే ఏలూరులో జశ్వంత్ అనే పిల్లాడికి మూతి మీద నూగు వచ్చిందని, వాడి జివ్విలి దీపం ఆరిపోతోందని పిల్లలందరికీ ఫోన్లలో తెలిసిపోయింది. ముందు చిమ్మిలి మానింది. తర్వాత బెల్లం పెట్టినవన్నీ మానింది. పోయినేడు జ్వరంతో చిక్కిపోయినప్పుడు ఉండ్రం దీపం ఎంత బాగా వెలిగిందో ఒకనాడు గుర్తొచ్చింది. చిక్కిపోతే ఎదగనని, ఎదగకపోతే ఉండ్రం బతుకుతుందని లెక్క వేసుకుంది. అప్పటి నుంచి కంచం దగ్గర ఏం జరుగుతోందో ఇంట్లో వాళ్ళు కనిపెట్టేసరికి సగం పిల్ల కరిగిపోయింది.

"అమ్మమ్మా, నాకు ఆకలిగా లేదు. ఇందాక తిన్నాను కదా," అంది మేదిని.

"ఏం తిన్నావే? గాలా?" అని కోటేశ్వరమ్మ చిమ్మిలి ఉండను కొంగులో పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి వైపు తిరిగి నిలబడింది. ఆమె ఏడుపు ఎవరికీ చూపించే రకం కాదు.

గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న హైమ బ్యాగు దించి, దూదితో కూతురి అరచేయి తుడిచి చిన్న సీసాలో వేసుకుంది.

"పరీక్ష చేస్తావా అమ్మా?" అంది మేదిని. గొంతులో ఆశ ఉంది. "చెయ్యి. నేను కరెక్టే అని తేలుద్ది చూడు."

*

తేలింది. ఆ సాయంత్రం ల్యాబులో యంత్రం తెర మీద గీత చూసి హైమ కుర్చీలో కూలబడింది. ఆరునెలల కింద పడిపోవడం మొదలుపెట్టిన సారం, పిల్ల చిక్కిపోయిన కొద్దీ మళ్ళీ పైకి లేచింది. ఒంటికి తిండి లేక, ఎదుగుదల ఆగిపోయింది. ఎదుగుదల ఆగితే ఉండ్రానికి లోటు లేదు.

"అంటే పిల్ల లెక్క తప్పు కాదన్నమాట," అన్నాడు ఫణీంద్ర వెనక నిలబడి.

"కాదు సార్. పుస్తకాలు చదివి మనం తప్పు లెక్క వేశాం. అది కరెక్టుగా వేసింది."

ఆమె చేయని ప్రయత్నం లేదు. ఆ సారాన్ని సీసాలో తయారుచేసి చుక్కలు పట్టబోతే ఉండ్రం మొహం తిప్పుకుంది. తన అరచేతికి రాసుకుని దాని ముందు చాపితే, వాసన చూసి వెనక్కి జరిగింది. పెద్ద చెయ్యి. కథలో తను పెట్టిన నియమాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించింది ఆ మూగజీవి. తీసేసిన జన్యువును పుట్టి పెరిగిన ప్రాణిలో మళ్ళీ పెట్టడం ఎవరివల్లా కాదు.

"దాన్ని ఇక్కడికి తెచ్చెయ్యమ్మా. నొప్పి తెలియకుండా చూస్తాను. పిల్ల నాలుగు రోజులు ఏడుస్తుంది, మరిచిపోతుంది," అన్నాడు ఫణీంద్ర.

"ఏలూరు పిల్లాడు మరిచిపోయాడా సార్?"

జశ్వంత్ అమ్మానాన్నలు అలాగే వాడు బడికి వెళ్ళినప్పుడు జివ్విలిని ల్యాబుకి పంపేశారు. చచ్చిపోయిందని చెప్పారు. వాడు నమ్మలేదు. పెద్దవాళ్ళు ఎక్కడో దాచారని, తను చిన్నవాడుగా ఉంటే తెచ్చిస్తారని, దీపం ఆరుతున్నప్పుడే తగ్గించిన తిండిని పూర్తిగా మానేశాడు. ఇప్పుడు ఆస్పత్రిలో ముక్కులో తిండి గొట్టంతో ఉన్నాడు. దాన్ని కూడా పీకేసుకుంటున్నాడని చేతులు కట్టారు.

మేదినిని చూసే డాక్టరమ్మ ఆ ఉదయమే హైమను పక్కకి పిలిచి చెప్పింది. "తిండి లేక గుండె కండ కూడా కరిగిపోతోందండీ. బలవంతంగా ఎక్కిస్తే ఎంత ఎక్కించగలం? పిల్ల తనంతట తను నోరు తెరవాలి. తెరవకపోతే నా చేతుల్లో ఏమీ ఉండదు." గూడూరులో రైలు డ్రైవర్లు బసచేసే రన్నింగ్ రూము నుంచి భర్త ఫోన్ చేశాడు. గూడ్సు రైలు నడిపే మనిషి, ఇంట్లో కంటే దారిలోనే ఎక్కువ ఉంటాడు. "ఆ జంతువును పుట్టించింది నువ్వే కదా హైమా. ఏదో ఒకటి చెయ్యి," అన్నాడు. తిట్టినా బాగుండేది. బతిమాలాడు.

ఏదో ఒకటి. హైమ ఆలోచించింది. పిల్లని బెదిరించారు, బతిమాలారు, దేవుళ్ళకి మొక్కారు. ఆ పిల్ల ప్రాణం ఉండ్రంలో ఉంది. ఉండ్రం కోసం తిండి మానింది. ఉండ్రం కోసమే అయితే తింటుంది కూడా.

హైమ లేచి, అలమరలోంచి తెల్లటి పొడి సీసా తీసింది. చెమటలోని ఆ సారాన్ని పట్టి బంధించే మందు అది. చర్మానికి హాని లేదు. పరీక్షల్లో చిటికెడు వాడతారు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు ఫణీంద్ర.

"అన్నం పెడుతున్నాను సార్, మా అమ్మాయికి," అంది హైమ.

*

పొడిని కొబ్బరినూనెలో కలిపింది. మేదిని అరచేతులు ఎండిపోయి పగుళ్ళు పట్టి ఉన్నాయి. "మంట పుడుతోందా తల్లీ? నూనె రాస్తాను," అంటే కాదనలేదు. చిన్నప్పటిలా రెండు చేతులూ చాపింది. హైమ ఒక్కొక్క వేలినీ నిమురుతూ రాసింది. రాస్తున్నంతసేపూ ఉండ్రం పక్కనే కూర్చుని చూసింది.

నాలుగో రోజుకి దాని దీపం మసకబారింది. ఆరో రోజున మంచం మీద నుంచి దూకబోయి పక్కకి ఒరిగిపోయింది. మేదిని దాన్ని గుండెకు హత్తుకుని, లేని ఓపిక తెచ్చుకుని కేక పెట్టింది. "అమ్మా, చూడమ్మా. ఉండ్రం ఇలా అయిపోతుందేంటి? నేనేం తినట్లేదు కదా. ఎదగట్లేదు కదా."

హైమ వచ్చి మంచం మీద కూర్చుంది. చేతిలో పప్పన్నం గిన్నె ఉంది. ముద్ద చేసింది, విడదీసి మళ్ళీ చేసింది.

"నీకొక కథ చెప్పలేదు నేను. జివ్విలి కథల్లో చివరిది."

"ఏంటది?"

"అనగనగా ఒక అమ్మాయి. దాని జివ్విలి అంటే దానికి ప్రాణం. నేను పెద్దయితే ఇది చచ్చిపోతుందేమో అని తిండి మానేసింది. కొన్నాళ్ళు జివ్విలి బాగానే ఉంది. ఆ తర్వాత వాడిపోయింది. ఎందుకంటే, పెంచేవాళ్ళ కడుపు నిండితేనే జివ్విలి కడుపు నిండుతుంది. ఆకలి చెమట దానికి విషం. మొదట తియ్యగా ఉంటుంది, తర్వాత చంపేస్తుంది."

"ఇది కథా, నిజమా? పరీక్షలో అలాగే వచ్చిందా?" అంది మేదిని. కళ్ళు గుంటల్లోంచి సూటిగా చూస్తున్నాయి.

"పరీక్షలో అలాగే వచ్చింది."

సరిగ్గా అప్పుడే ఉండ్రం చెవులు రెండూ వాలిపోయాయి. నీరసానికి వాలిపోయాయి. కానీ ఆ గదిలో ఇద్దరికీ ఆ కథ తెలుసు. మేదిని ఆ చెవుల వంక చూసింది, తల్లి వంక చూసింది.

"నావల్లే," అంది చివరికి. "తిన్నానని అమ్మమ్మతో రోజూ అబద్ధం చెబుతున్నాగా. దీని ఎదురుగానే చెప్పాను. అందుకే చెవులు వాల్చేసింది." "ఇప్పుడు తింటే బతుకుద్దా అమ్మా?"

నిజం చెప్పడానికి హైమకు అదే ఆఖరి అవకాశం. అది ఆమెకి తెలుసు. కూతురి మెడ ఎముకలు చూసింది, ముద్ద పైకెత్తింది.

"బతుకుతుంది. ఆ..."

మేదిని నోరు తెరిచింది.

తర్వాతి రోజులు ఎవరూ చూడకూడని రోజులు. ఆ పిల్ల కుక్కుకుని తింది. మెల్లగా, కొంచెం కొంచెంగా పెట్టాలని డాక్టరమ్మ చెబితే, "ఇంకొంచెం పెట్టమనమ్మా, చాలట్లేదు దానికి," అని బతిమాలింది. కక్కుకుని, మూతి కడుక్కుని మళ్ళీ చెయ్యి చాపింది. చిమ్మిలి డబ్బా తనే అడిగి తెప్పించుకుంది. తిన్న ప్రతిసారీ అరచేయి ఉండ్రం మూతి దగ్గర పెట్టేది. "ఇదిగో, ఇప్పుడు తిను. ఇప్పుడు బాగుంటుంది." అది ఒక్కసారి నాకి, కళ్ళు మూసుకునేది. నూనె రాయడం హైమ ఎప్పుడో మానేసింది. ఇక అవసరం లేకపోయింది. పిల్ల ఒంట్లోకి వెళ్ళిన ప్రతి ముద్దా ఆ పని చేస్తోంది.

"దొంగముండ, ఇంతకాలం ఎంత ఏడిపించింది. చూడు ఎట్టా తింటందో," అని కోటేశ్వరమ్మ మురిసిపోయి, తులసికోట దగ్గర దీపం పెట్టింది. కూతురి మొహం చూసి, "నువ్వేందే అట్టా ఉన్నావు? పిల్ల దక్కింది కదా," అంది. హైమ బాగానే ఉన్నానంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం, మేదిని పెరుగన్నం తింటుండగా, ఒళ్ళోనే ఉండ్రం చచ్చిపోయింది. మేదిని గిన్నె పక్కన పెట్టలేదు. మిగిలిన మూడు ముద్దలూ అలాగే, ఏడుస్తూ, ఎక్కిళ్ళ మధ్య తినేసింది. తింటే లేస్తుందేమో అనుకుంది. ఖాళీ గిన్నె చూపించి, "ఆలస్యం చేశాను కదమ్మా. ముందే తిని ఉంటే బతికేది," అంది.

కాదని చెప్పాలని హైమకు ప్రాణం కొట్టుకుపోయింది. కాదు తల్లీ, నువ్వు సరిగ్గానే పెంచావు, నీకంటే బాగా ఎవరూ పెంచలేదు, చంపింది నేను అని చెప్పాలి. చెబితే ఏం జరుగుతుంది? జివ్విలుల కోసం ఇంకా కొన్ని ఇళ్ళలో పిల్లలు కంచాల ముందు పెదాలు బిగించి కూర్చుని ఉన్నారు. హైమ కూతుర్ని దగ్గరకు తీసుకుంది తప్ప నోరు విప్పలేదు.

ఆ సాయంత్రమే మేదిని ఫోన్ అందుకుని, జశ్వంత్ చెవి దగ్గర పెట్టమని వాళ్ళమ్మని అడిగింది. హైమ తలుపు పక్కన నిలబడి విన్నది.

"జశ్వంత్, నేను చెప్పేది విను. నీ దాన్ని దాచలేదురా. అది చచ్చిపోయింది, నాది కూడా చచ్చిపోయింది. మనం తినకపోవడం వల్లే. మా అమ్మే కదా వాటిని చేసింది, తను పరీక్ష చేసి చెప్పింది. మా అమ్మ అబద్ధం చెప్పదు." కాసేపు అవతలి మాట విన్నది. "ఏడవకు. నేనూ ఏడుస్తన్నా. ఏదన్నా తిని ఏడువు."

అలా ఒక్కొక్కరికీ చెప్పింది. జివ్విలులు ఇంకా బతికి ఉన్న పిల్లలకి మరీ గట్టిగా చెప్పింది. రెండు వారాలకి ఫణీంద్ర ఫోన్ చేశాడు. "పిల్లలందరూ తింటున్నారమ్మా. ఏలూరు పిల్లాడి గొట్టం తీసేశారు," అన్నాడు. ఆగి, "జివ్విలులు ఒక్కొక్కటే పోతున్నాయి," అన్నాడు.

*

మేదిని పెద్దమనిషయింది. కోటేశ్వరమ్మ మాట ప్రకారమే తాటాకు చాప పరిచి, మనవరాలిని కూర్చోబెట్టి, వీధిలో ఆడవాళ్ళందరినీ పిలిచింది. బుగ్గలు పూడాయి, జుట్టు మెడ దాకా వచ్చింది. వచ్చినవాళ్ళు తలా ఒక చిమ్మిలి ఉండ చేతిలో పెడుతుంటే, మేదిని ఒక్కటి కూడా వద్దనకుండా తీసుకుంది. "ఎంత బుద్ధిగా తింటందో," అని వాళ్ళు మెచ్చుకున్నారు.

హైమ వంటింట్లో ఉండిపోయింది. ఈ మధ్య అన్నం ముందు కూర్చుంటే ముద్ద గొంతు దిగడం లేదు. చీర కుచ్చిళ్ళు మునుపటి కంటే రెండు ఎక్కువ వస్తున్నాయి. పని ఒత్తిడి అని అందరికీ చెబుతోంది.

"అమ్మా, ఇటు రా," అని మేదిని చాప మీద నుంచి పిలిచింది.

హైమ వెళ్ళి ఎదురుగా కూర్చుంది. మేదిని ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపు హైమకు తెలుసు. ఒకప్పుడు తను గిన్నె పట్టుకుని కూతురి వంక అలాగే చూసేది.

"పొద్దున్నుంచీ తినలేదు నువ్వు. నిన్న కూడా తినలేదు. తిన్నానని అమ్మమ్మతో చెప్పావు. నాకు తెలీదనుకోకు. నేనూ అలాగే చెప్పేదాన్ని."

"ఆకలి లేదమ్మా."

మేదిని చిమ్మిలి ఉండ తుంచింది. గొంతు తగ్గించి, తల్లికి మాత్రమే వినబడేట్టు మొదలుపెట్టింది. "అనగనగా ఒక జివ్విలి. దాని పేరు ఉండ్రం. దాన్ని పెంచిన పిల్ల తిండి మానేసింది. అది చచ్చిపోయింది. పెంచేవాళ్ళు తినకపోతే ఏమవుతుందో ఆ పిల్లకి ఇప్పుడు బాగా తెలుసు. అందుకని వాళ్ళమ్మని మాత్రం చావనివ్వదు." చెయ్యి ముందుకు చాపింది. "ఆ..."

పగుళ్ళు మానిన అరచేయి. నున్నగా, పెద్దపిల్ల చెయ్యి. హైమ ఆ చేతి వంక చూసింది, నోరు తెరిచింది, మింగింది.